మరి నాకెవులే సహాయకు?

చిన్నప్పుడు మా నాన్న ఆఫీసులో ఒక కుక్క ఉండేది. తేనెరంగు ఒళ్ళు, వేలాడే చెవులు. ఆఫీసు చుట్టూ పెద్ద తోట, తోట నిండా గులాబీలు, వెనకవైపు వంటగది. నేనూ తమ్ముడూ ఎప్పుడైనా నాన్న దగ్గరికి వెళితే వెనక గేటు నుంచే వెళ్ళేవాళ్ళం. ఒకావిడ మాకు కేకు ముక్కలు పెట్టేది. ఆఫీసంటే అలాగే ఉంటుందనుకునేదాన్ని. బళ్ళో టీచరు మీ నాన్న ఎక్కడ పనిచేస్తారని అడిగితే "కుక్క ఉన్న ఆఫీసులో" అన్నానట. అమ్మ ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతుంది. నాన్న నవ్వడు.

అది 1995. నాకు ఏడేళ్ళు. నాన్న ఫిరంగి దళంలో లాన్స్ నాయక్. ఉత్తరాదిలో ఒక కంటోన్మెంటులో ఫామిలీ క్వార్టరు దొరికిందని శ్రీకాకుళం జిల్లాలోని మా ఊరి నుంచి మమ్మల్ని తీసుకెళ్ళాడు. ఏడాదిన్నర ఉన్నాం. ఆ తరవాత నాన్న మళ్ళీ సరిహద్దుకి, మేం మళ్ళీ ఊరికి. ఆ ఏడాదిన్నరలో నాన్న చేసిన పని పేరు 'సహాయక్' అని నాకు తెలియడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది.

2017 జనవరిలో ఒక ఆర్మీ జవాను తన బాధ చెప్పుకుంటూ తీసిన వీడియో టీవీల్లో వచ్చింది. సైనికుల చేత అధికారుల బట్టలు ఉతికిస్తున్నారు, బూట్లు తుడిపిస్తున్నారు, కుక్కల్ని తిప్పిస్తున్నారు అని అతని ఫిర్యాదు. అప్పుడు నేను పిహెచ్.డి. మధ్యలో ఉన్నాను, సంక్రాంతికి ఊరొచ్చాను. నాన్న లేచి టీవీ కట్టేశాడు. "అన్నం పెట్టవే" అని అమ్మతో అన్నాడు. కుక్క అన్న మాట దగ్గరే నాకు ఏదో తట్టింది. వెనక గేటు గుర్తొచ్చింది. అడగలేదు. రెండు నెలల తరవాత, మార్చిలో, రహస్య కెమెరాకి ఇలాంటి మాటలే చెప్పిన ఒక కేరళ జవాను దేవలాలీలో శవమై కనిపించాడు. అప్పుడూ అడగలేదు. నాన్నని ఏమని అడగాలి? "నువ్వు వాళ్ళ కుక్కని తిప్పావా?" అనా?

ఇక్కడ మా ఇంటి సంగతి కొంత చెప్పాలి. మేం చాకలివాళ్ళం. తాత, నాయనమ్మ కలిసి ఊళ్ళో యాభై అరవై ఇళ్ళకి బట్టలుతికేవాళ్ళు. నూర్పుళ్ళప్పుడు ఇంటికిన్ని కుంచాల ధాన్యం, సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకునే అన్నం, అదే కూలి. మైలబట్టలు, పురిటిబట్టలు మాత్రం నాయనమ్మ పని. పదేళ్ళకే నాన్న చేతికి బొగ్గుల ఇస్త్రీ పెట్టె వచ్చింది. తనకంటే చిన్నపిల్లలు కూడా 'ఒరే' అని పిలిచే ఊరు. 1982లో సైన్యంలో చేరాడు. గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్లో ట్రైనింగు. అందరూ ఎవరి బట్టలు వాళ్ళే ఉతుక్కోవడం, ఎవరి యూనిఫారం వాళ్ళే ఇస్త్రీ చేసుకోవడం చూసి ఎంత సంబరపడ్డాడో నాన్న చాలాసార్లు చెప్పాడు. ఆ కథ నాకిష్టం. స్కూల్లో కూడా చెప్పుకునేదాన్ని. ఆ తరవాతి కథ మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

పోయినేడాది అమ్మకి రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయింది. నేను వారం సెలవు పెట్టి వెళ్ళాను. నా ఉద్దేశంలో నేను వెళ్ళకపోతే ఇల్లు నడవదు. ఎందుకంటే నాన్న రిటైరయి వచ్చిన దగ్గర్నుంచీ మంచినీళ్ళ గ్లాసు కూడా తన చేత్తో ముంచుకున్నది నేను చూడలేదు. స్త్రీవాదం చదువుకున్న మొదటి రోజుల్లో నా కోపమంతా నాన్న మీదే. "ఆ గ్లాసు నువ్వు తీసుకోలేవా నాన్నా" అని ఎన్నిసార్లు పోట్లాడానో! ఆయన వినిపించుకునేవాడు కాదు. అలాంటిది, నేను వెళ్ళేసరికి వంటింట్లో నాన్న ఉన్నాడు. చపాతీలు పూర్ణచంద్రుల్లా పొంగుతున్నాయి. ఉల్లిపాయ దారంలా తరుగుతున్నాడు. గిన్నె వాడిన వెంటనే కడిగి బోర్లిస్తున్నాడు. అమ్మకి ట్రేలో పెట్టి, మడత పెట్టిన తువ్వాలు పక్కనుంచి తీసుకెళ్ళాడు. ఆ ట్రే పట్టుకున్న తీరు, ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకున్న తీరు చూసి నాకు మాట రాలేదు. ఇది ఇంట్లో నేర్చుకున్న పని కాదు. ఎవరో నేర్పిన పని.

ఆ రాత్రి అడిగాను. అమ్మ నిద్రపోయింది. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత ఒక్క ముక్క చెప్పాడు. "నాను మిలట్రీలోకి ఎల్లింది ఇస్త్రీ పెట్టె దించుదామనే. అక్కడా అదే పెట్టె. కాకపోతే కరెంటుది."

1994లో ఒక ఇన్స్పెక్షన్ రోజు. వరసలో నాన్న ముందు కల్నల్ ఆగి చొక్కా మడత చూశాడు. ఎవరు చేశారు ఇస్త్రీ అని అడిగాడు. తనే చేసుకున్నానని నాన్న గర్వంగా చెప్పాడు. పదిరోజుల్లో ఆయనకి సహాయక్‌గా వేశారు. చేతిలో ఉన్న విద్యే పట్టిచ్చింది. కులం అక్కడ ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు.

*

సహాయక్ అనేది మన సైన్యంలో స్వాతంత్ర్యం తరవాత వచ్చిన పేరు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో ఆర్డర్లీ అనీ, బాట్‌మన్ అనీ అనేవాళ్ళు. బాట్‌మన్ అంటే గబ్బిలం వేషం వేసుకున్న సినిమా హీరో కాదు. ఫ్రెంచి భాషలో సామాను మోసే జంతువు మీద వేసే జీనుని 'బా' అంటారు. అధికారి సామాను మోసే గుర్రాన్ని చూసుకునేవాడు బాట్‌మన్. గుర్రం పోయింది, మనిషి మిగిలాడు. మనవాళ్ళు పేరు మార్చి సహాయక్ అన్నారు. 'పనిమనిషి' అనడం బావుండలేదని మనం 'హెల్పర్' అంటున్నట్టుగా.

సైన్యం చెప్పే మాట కూడా న్యాయంగా చెప్పుకోవాలి. సహాయక్ నౌకరు కాడు, యుద్ధం చేసే సైనికుడే అంటుంది. యుద్ధభూమిలో అధికారికి రక్షణగా ఉంటాడు, వైర్‌లెస్ సెట్టు మోస్తాడు, ఆయుధాలూ యూనిఫారమూ సిద్ధంగా ఉంచుతాడు, సందేశాలు చేరవేస్తాడు. వందలమంది ప్రాణాలకి బాధ్యుడైన అధికారి తన బూట్లకి పాలిష్ చేసుకుంటూ కూచుంటే ఆ సమయం ఎవరిది పోతుంది అని అడుగుతుంది. ఇద్దరి మధ్యా ఉండేది నమ్మకం, స్నేహం అంటుంది. ఇంటిపనులు, హీనమైన పనులు చేయించకూడదని ఆదేశాలు కూడా ఉన్నాయి. అయినా పార్లమెంటు రక్షణశాఖ స్టాండింగ్ కమిటీ 2008లో సైనికుల మానసిక ఒత్తిడి మీద ఇచ్చిన నివేదికలో ఈ పద్ధతిని తప్పుపట్టింది. ఇది జవాన్ల ఆత్మగౌరవాన్ని దెబ్బతీస్తుందనీ, నౌకాదళంలోనూ వైమానిక దళంలోనూ లేనిది ఇక్కడ మాత్రం ఎందుకనీ, రద్దు చేయమనీ చెప్పింది.

నేను ఈ రెండు వాదనలూ నాన్నకి చదివి వినిపించాను. ఆయన రెండింటికీ తలూపాడు. "ఫీల్డులో ఆయనకి టీ కాయడం నాకెప్పుడూ తక్కువనిపించలేదు" అన్నాడు. మంచులో గుంట తవ్వితే ఇద్దరం కలిసే తవ్వేవాళ్ళమట. మగ్గులో టీ సగం తాగి మిగతా సగం ఆయన నాన్నకిచ్చేవాడట. నాన్నకి జ్వరమొస్తే తన దుప్పటి తెచ్చి కప్పాడట. ఎంగిలి మగ్గు పంచుకున్నాడన్న మాట చెబుతున్నప్పుడు నాన్న మొహం చూడాలి. మా ఊళ్ళో నాన్నకి టీ దుకాణంలో వేరే గ్లాసుండేది.

"మరి ఎప్పుడు తక్కువనిపించింది?" అన్నాను.

"పీసులోకి వచ్చాక."

పీస్ స్టేషన్ అంటే యుద్ధం లేనిచోటు, కుటుంబాలు ఉండేచోటు. అదే కల్నల్, అదే నాన్న. కానీ మంచుగుంట బదులు బంగళా. పొద్దున్న అయిదుకి టీ, తరవాత బూట్లు, యూనిఫారం, పిల్లల టిఫిను డబ్బాలు, పిల్లల్ని స్కూలు బస్సు దాకా దించడం, కుక్క, కూరగాయలు, పార్టీ ఉన్నరోజు రాత్రి ఒంటిగంటదాకా గ్లాసులు. పని అదే పని. కానీ అక్కడ దానికి ఎదురుపని లేదు. గుంటలో ఆయన కూడా తవ్వాడు. బంగళాలో ఆయన పేపరు చదువుకున్నాడు.

*

2017లో పేపర్లన్నీ ఆ పనుల జాబితా వేశాయి. దేశం కోసం ప్రాణమివ్వడానికి వెళ్ళిన వీరుడి చేత వంటలా, బట్టలుతకడమా, పిల్లల్ని బడికి దింపడమా, ఎంత అవమానం అని రాశాయి. ఆ జాబితా నేను మళ్ళీ తీసి చదివాను. కుక్కని తీసేస్తే అది మా అమ్మ దినచర్య. మా నాయనమ్మ దినచర్య. ఇది చదువుతున్న మీలో చాలామంది దినచర్య. మగవాడు, అందులోనూ తుపాకీ పట్టిన మగవాడు చేసేసరికి అది దేశానికే అవమానమైంది. ఆడది చేస్తే దానికి పేరు లేదు.

నాకు ఇక్కడే ఇబ్బంది మొదలవుతుంది. నాన్నకి జరిగింది అన్యాయమని నాకు తెలుసు. కానీ ఆ అన్యాయాన్ని 'ఆడపని చేయించారు' అన్న భాషలో ఖండించడం నాకు కుదరదు. ఉల్లిపాయ తరగడంలో అవమానం ఉంటే మా అమ్మ నలభై ఏళ్ళుగా అవమానంలోనే ఉన్నట్టు. అవమానం పనిలో లేదు. వద్దు అనలేకపోవడంలో ఉంది. ఎంతసేపు చేయాలో హద్దు లేకపోవడంలో ఉంది. వద్దంటే రిపోర్టు ఎలా వస్తుందో, సెలవు వస్తుందో రాదో అని భయపడడంలో ఉంది. మా నాన్నకి అదనంగా, ఈ పని నుంచే పారిపోయి వచ్చానన్న గుర్తు ఉంది.

సాహిత్యంలో ఆర్డర్లీలు నాకు కొత్తకాదు. 1914లో డి.హెచ్. లారెన్స్ రాసిన 'ది ప్రష్యన్ ఆఫీసర్' కథ ఒకప్పుడు ఎం.ఎ. క్లాసులో సెమినార్ పేపరుగా చదివాను. అధికారి క్రూరత్వం తట్టుకోలేక ఆర్డర్లీ అతన్ని చంపేస్తాడు. యారస్లావ్ హాషెక్ సృష్టించిన ష్వేక్ కూడా ఒక లెఫ్టినెంటుకి ఆర్డర్లీయే. అమాయకత్వమో కొంటెతనమో తెలియని విధేయతతో అతన్ని ముప్పుతిప్పలు పెడతాడు. డొరొతీ సేయర్స్ డిటెక్టివ్ నవలల్లో బంటర్ యుద్ధంలో మొదలైన సేవని లండన్ ఫ్లాటులో కొనసాగిస్తాడు. ద్వేషం, హాస్యం, భక్తి. వీటి గురించి పదిహేను పేజీలు రాశాను, మంచి మార్కులు వచ్చాయి. ఆ పదిహేను పేజీల్లో, ఈ మనిషి సొంత ఇంటికెళ్ళాక ఎలా ఉంటాడు అన్న ప్రశ్న ఒక్కచోట కూడా వేసుకోలేదు. ఆ ప్రశ్న మా ఇంట్లోనే కూచుని మంచినీళ్ళు అడుగుతున్నా నాకు కనిపించలేదు.

ఇప్పుడనిపిస్తుంది, ఆ గ్లాసు నాన్న ఎందుకు ముంచుకోలేదో. చేతకాక కాదు, బాగా చేతనయ్యే. ఒకచోట సహాయక్‌గా ఉన్నవాడు ఇంకొకచోట సాబ్‌గా ఉండాలనుకున్నాడు. ఆ ఇంకొకచోటు ఇల్లు తప్ప ఆయనకి ఇంకేం దొరుకుతుంది? పైవాడు కిందవాడిని తొక్కితే, ఆ కిందవాడికి ఎప్పుడూ ఇంకో మెట్టు దొరుకుతుంది. దాని పేరు పెళ్ళాం.

ఇది నాన్నని క్షమించడానికి రాయడం లేదు. అర్థమైనంత మాత్రాన అమ్మ మోకాళ్ళు తిరిగి రావు.

*

అమెరికాలో కూడా జనరళ్ళకీ అడ్మిరళ్ళకీ ఇలాంటి సైనికులు ఉంటారు. అక్కడ వాళ్ళని ఎన్‌లిస్టెడ్ ఎయిడ్లు అంటారు. 1970లలో సెనేటర్ విలియం ప్రాక్స్‌మైర్ ఈ సేవకుల సంగతి బయటపెట్టి గొడవచేశాక వీళ్ళ సంఖ్య బాగా తగ్గించారు. ఇప్పుడు అక్కడి చట్టం ప్రకారం మొత్తం సైన్యానికి 300 మందికి మించకూడదు. అధికారి హోదాకి సంబంధించిన విందులు, వంట, యూనిఫారం వరకే వాళ్ళ పని. కేవలం ఆయన సొంత సుఖానికి పనికొచ్చే పని చేయించకూడదు. పెంపుడు జంతువుల్ని చూసుకోమనకూడదు. ఇది చదివి నాన్న మొదటిసారి నవ్వాడు. "కుక్క రూలు కూడా ఉందా!"

రూలు ఉండడం చిన్న విషయం కాదు. కానీ అక్కడ కూడా ఈ పని ఎవరి చేతికి ఇచ్చారో చూస్తే కథ మారుతుంది. రెండో ప్రపంచయుద్ధానికి ముందు అమెరికా నౌకాదళంలో కొత్తగా చేరే నల్లజాతివాళ్ళకి దొరికేది భోజనశాలలో సేవచేసే ఉద్యోగమే. ఆ తరవాత 1970ల మొదటివరకూ, ఫిలిప్పీన్స్ నుంచి చేర్చుకున్నవాళ్ళకి స్టీవార్డు పనే ఇచ్చారు. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగినప్పుడు 'వెస్ట్ వర్జీనియా' ఓడలో డోరిస్ మిల్లర్ అనే నల్లజాతి మెస్ అటెండెంటు ఉతకాల్సిన బట్టలు పోగుచేస్తున్నాడు. ఆ బట్టలు వదిలేసి గాయపడ్డవాళ్ళని మోశాడు. తనకెవరూ శిక్షణ ఇవ్వని మెషిన్‌గన్ పట్టుకుని విమానాల మీద కాల్చాడు. 1942లో అతనికి నేవీ క్రాస్ ఇచ్చారు. 2020లో ఒక పెద్ద యుద్ధనౌకకి అతని పేరు పెడుతున్నట్టు ప్రకటించారు.

ఈ కథ నాన్నకి చాలా నచ్చింది. రెండుసార్లు చెప్పించుకున్నాడు. నాకూ నచ్చింది, కానీ ఒక మెలిక కూడా కనిపించింది. మిల్లర్‌ని లోకం గుర్తుపెట్టుకున్నది బట్టలు వదిలేసినందుకు. ఆ బట్టలు రోజూ ఉతికినందుకు ఎవరూ పతకం ఇవ్వరు. సేవ విలువ గురించి ఎంత మాట్లాడినా, అది సేవ కాకుండా పోయిన క్షణాన్నే మనం విలువగా లెక్కేస్తాం.

*

కేకు పెట్టిన ఆవిడ గురించి చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే అబద్ధమవుతుంది.

మేమ్‌సాబ్ ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నావిడ. పెళ్ళికి ముందు కాలేజీలో పాఠాలు చెప్పేదట. రెండు మూడేళ్ళకోసారి బదిలీ అయ్యే భర్తతో ఉద్యోగం కుదరలేదు. భర్త హోదాని బట్టి ఆవిడకీ ఒక హోదా, ఆ హోదాని బట్టి ఆవిడకీ జీతం లేని డ్యూటీలు. విందులివ్వాలి, జవాన్ల భార్యల సమావేశాలు పెట్టాలి, అందరినీ చిరునవ్వుతో పలకరించాలి. సైన్యాలు భార్యల శ్రమ మీద ఎలా నడుస్తాయో సింథియా ఎన్లో 1983 నుంచీ రాస్తూనే ఉంది. ఆ పుస్తకాలు చదివినప్పుడు నాకు ఆవిడే గుర్తొచ్చేది. మధ్యాహ్నాలు వంటింట్లో స్టూలు మీద కూచుని నాన్నతో మాట్లాడేదట. తన హిందీ నాన్నకి సగమే అర్థమయ్యేది. అలాంటావిడే పార్టీ ఉన్నరోజు అమ్మని పిలిపించి బఠాణీలు ఒలిపించేది. అమ్మకి జీతమూ లేదు, నెంబరూ లేదు. ఏ ఆదేశంలో చూసినా సహాయక్ భార్య అనే మనిషి లేదు.

మేం ఊరికి తిరిగివచ్చేటప్పుడు ఆవిడ తన అలమర లోంచి ఇంగ్లీషు పుస్తకాలు ఒక సంచీ నిండా ఇచ్చింది. నాన్న తన నల్లపెట్టెలో బట్టలు తీసేసి అవి పెట్టాడు. పెట్టె మీద తెల్లరంగుతో నాన్న నెంబరు, పేరు. ఆ పుస్తకాలే నేను మొదట చదివిన ఇంగ్లీషు కథలు. ఊళ్ళో మా వీధిలో ఇంకే ఇంట్లోనూ పుస్తకం లేదు. ఇవాళ నా పేరు ముందున్న డాక్టర్ అన్న మాట అక్కడ మొదలైంది. ఒక ఆడమనిషి దయ, ఆవిడ వదులుకున్న ఉద్యోగం, మా నాన్న ఊడిగం, మా అమ్మ ఒలిచిన బఠాణీలు, అన్నీ ఆ పెట్టెలోనే వచ్చాయి. వీటిలో దేన్ని తీసేసి లెక్క చెయ్యను? పద్ధతి దుర్మార్గమని రాయగలను. అందులోంచి వచ్చింది ఒద్దని తిరిగి ఇచ్చెయ్యలేను.

ఈ మాటలన్నీ అమ్మకి చెప్పాను. మంచం మీద కాళ్ళు చాపుకుని వింది. ఆర్మీ వాదన విన్నది, పార్లమెంటు వాదన విన్నది, అమెరికా కుక్క రూలు కూడా విన్నది. చివరికి అంది: "మీ నాన్న ఆ కల్నలుకి సహాయకు. మీ నాన్నకి నాను సహాయకు. మరి నాకెవులే సహాయకు?"

నాన్న అక్కడే ఉన్నాడు. ఏమీ అనలేదు.

భార్యలు నోరు విప్పితే లెక్క మారుతుందని అప్పుడప్పుడూ తెలుస్తూనే ఉంటుంది. 2024 అక్టోబరులో తెలంగాణ స్పెషల్ పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్ళ భార్యలు పిల్లల్ని ఎత్తుకుని రోడ్ల మీదికొచ్చారు. మొగుళ్ళు నెలల తరబడి ఇంటికి రాకపోతే ఇల్లు ఎవరు నడుపుతారని అడిగారు. యూనిఫారం వేసుకున్నవాడు నోరెత్తితే క్రమశిక్షణ చర్య. అందుకని ఆ యూనిఫారం వెనకున్న ఆడవాళ్ళు మాట్లాడారు. తరవాత కొందరు కానిస్టేబుళ్ళని సస్పెండ్ చేశారు, కొందరిని ఉద్యోగంలోంచి తీసేశారు. భార్యలు మాట్లాడితే శిక్ష భర్తలకి పడింది. కానీ ఒక ఉద్యోగం వెనక ఎన్ని చేతులుంటాయో రెండు మూడు రోజులు పేపర్లలో కనిపించింది.

*

సెలవైపోయి నేను నగరంలో మా ఇంటికి తిరిగొచ్చాను. పొద్దున ఆరున్నరకి తలుపు చప్పుడైంది. మా ఇంట్లో పనిచేసే ఆమె. ఏడేళ్ళుగా వస్తోంది. గిన్నెలు, ఇల్లు, బట్టలు. నేను థీసిస్ చివరి రెండు అధ్యాయాలు రాస్తున్నప్పుడు వంట కూడా చేసిపెట్టింది. నా థీసిస్ మొదట్లో కృతజ్ఞతల పేజీ తీసి చూశాను. గైడు, లైబ్రరీ సిబ్బంది, స్నేహితులు, సహచరుడు, అమ్మానాన్న అందరూ ఉన్నారు. ఆమె పేరు లేదు. ఆమె ఊడ్చిన గదిలో కూచుని ఇంటిచాకిరీకి విలువ కట్టని సమాజం గురించి నలభై పేజీలు రాశాను.

"నా సమయం విలువైనది కాబట్టి" అని కల్నల్ అనుకున్నట్టే నేనూ అనుకున్నాను. నా పని పెద్దది, ఆమె చేసేది దానికి సహాయం. ఆమె జ్వరమని రెండురోజులు రాకపోతే నాకు చికాకొచ్చేది. ఆమెకి వారానికి ఒక సెలవుండాలని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఇంటిపనివాళ్ళ హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో తెచ్చిన 189వ ఒడంబడికని మనదేశం ఇంకా ఆమోదించలేదని నేను ఉపన్యాసాల్లో చెప్పేదాన్ని. ప్రభుత్వం ఆమోదించేలోగా మా ఇంట్లో ఆదివారం సెలవివ్వడానికి నాకు ఎవరు అడ్డం?

ఆ నెలనుంచి ఇచ్చాను, జీతం తగ్గించకుండా. ఇది పెద్ద గొప్పగా చెప్పుకోవడం లేదు. సెలవు అన్న మాట వినగానే ఆమె మొహంలో సంతోషం కాదు, అనుమానం కనిపించింది. "మానిపిస్తావా అమ్మా?" అంది. ఆ ప్రశ్న నేను మర్చిపోలేను. సెలవు అంటే ఉద్యోగం పోవడమేనని ఆమెకి ఇన్నేళ్ళ అనుభవం నేర్పింది. ఆ అనుభవంలో ఏడేళ్ళు నావి.

ఈ వ్యాసం రాసి నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. చాకలి అన్న మాట దగ్గర ఆగమన్నాడు. ఉంచనా తీసెయ్యనా అని అడిగాను. కాసేపాగి ఉంచమన్నాడు. ట్రే సంగతి తీసెయ్యమన్నాడు, నేను ఒప్పుకోలేదు. పోట్లాడుకున్నాం. చివరికి, "రాసుకో తల్లీ. కల్నలుగారి పేరు మాత్రం రాయకు. ఆయన మంచోడే" అన్నాడు.

రాయలేదు. మంచోడే అన్న మాట మీద మాత్రం నాన్నతో ఇంకా మాట్లాడాల్సి ఉంది. ఫోన్ పెట్టేముందు అమ్మ ఎలా ఉందని అడిగాను. వాకరు లేకుండా నడుస్తోందట. మరి వంట ఎవరు చేస్తున్నారు అన్నాను. కొంచెంసేపు అవతల ఏమీ వినిపించలేదు.

"నానే" అన్నాడు నాన్న. "బయట ఎవులకీ సెప్పకు."